శ్రవణమిత్ర సౌభాగ్యం

మా ఊరు జిల్లా కేంద్రం అయినప్పటి నుంచి మాకు మంచినీళ్ళు రోజు విడిచి రోజు, ఉత్తర్వులు రోజూ వస్తున్నాయి. నీళ్ళ సంగతి మేమే ఎలాగో చూసుకుంటాం. ఉత్తర్వుల సంగతి చూసుకోవడానికి శాఖలున్నాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది, అందువల్లనే అన్నిటికంటే చురుకైనది శ్రవణ సౌలభ్య శాఖ. చూపులేనివాళ్ళకి చదువూ సంగీతమూ వార్తలూ చెవిన వెయ్యడం దాని పని. ఆ పనికి ఒక జిల్లా అధికారి, ఒక తనిఖీదారు, ఒక జీపు ఉన్నాయి. ఆఫీసు ఆవరణ జీపు పట్టేంత ఉంటుంది. మనుషులు జీపుని ఒరుసుకుంటూ లోపలికి వెళ్ళాలి.

ఆ శాఖతో నాకు పని పడింది మంగతాయారు పిన్నిగారి వల్ల. ఆవిడ మావారి పినతల్లి. నీటికాసులొచ్చి నలభయ్యో ఏట చూపు పోయింది. యాభై మూడో ఏట బాబాయిగారు పోయారు. యాభై ఎనిమిదో ఏట, "ఇంక పోవడానికి ఏమీ లేదు కదే అమ్మాయ్, బి.ఏ. చదువుతాను" అని దూరవిద్యలో చేరిపోయారు. రెండేళ్ళు గట్టెక్కారు. మూడో ఏడు పరీక్షలకి నెల రోజులుంది. మిగతావన్నీ ఆవిడ నాలిక చివర ఉన్నాయి. ప్రభుత్వ పాలనాశాస్త్రం ఒక్కటే కొరుకుడు పడలేదు. పదకొండు పాఠాలు. ఆ పాఠాలు శాఖవారి యంత్రంలో తప్ప ఇంకెక్కడా పలకవు. ఎవరైనా దొంగిలించి ప్రభుత్వ పాలన నేర్చేసుకుంటారేమోనని ఆ జాగ్రత్త.

పాత యంత్రం ఇటుకంత ఉండేది. అందంలోనూ ఇటుకే. అయితే దానికి ఆరు బొత్తాలుండేవి. మొదలుపెట్టేది గుండ్రం, ఆపేది చదరం, ముందుకి వెళ్ళేదానికి కొన ఉండేది. పిన్నిగారు కూర తరుగుతూ మోచేత్తో కూడా నొక్కేసేవారు.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి ఎవరో పెద్దవారు ఏదో ప్రదర్శన చూడడానికి వెళ్ళారు. అక్కడ ఏ వస్తువుకీ బొత్తాలు లేవట. తిరిగి రాగానే ఉత్తర్వు వేశారు. "బొత్తము గత శతాబ్దపు అవశేషము. దృష్టిలోప సోదరసోదరీమణులు సైతం నునుపైన భవిష్యత్తులోకి అడుగిడవలెను."

నునుపైన భవిష్యత్తుని పంచిపెట్టే సభకి పిన్నిగారిని నేనే తీసుకెళ్ళాను. హాల్లో నలభై మంది చూపులేనివాళ్ళు, వాళ్ళని తీసుకొచ్చిన నలభై మందీ ఉన్నారు. జిల్లా శ్రవణాధికారి పరాంకుశరావుగారు వేదిక మీద కొత్త యంత్రాన్ని పైకెత్తి పట్టుకున్నారు. దాని పేరు శ్రవణమిత్ర. నల్లగా, పల్చగా, ముందంతా ఒకే ఒక్క గాజు పలక.

"చూడండి! ఒక్కసారి చూస్తే కళ్ళు తిప్పుకోగలరా?" అన్నారాయన.

నలభై మందీ మర్యాదగా చెవులు ఆయన వైపు తిప్పారు.

పంపకం మొదలైంది. "తెరపై కనిపించు ఆకుపచ్చని వృత్తమును తాకవలెను" అని ఆయన కాగితం చూసి చదివారు.

పిన్నిగారు చెయ్యెత్తారు. "బాబూ, ఆకుపచ్చది ఎక్కడుంటుంది?"

"ఎర్రదాని పక్కనేనమ్మా."

"ఎర్రదో?"

"ఆకుపచ్చదానికి ఇటువైపు."

"ఎటువైపు నాయనా?"

"ఇటు," అని ఆయన చాలా స్పష్టంగా వేలు చూపించారు.

"పోనీ, ఇది మాట్లాడుతుందన్నారుగా?"

"బ్రహ్మాండంగా మాట్లాడుతుందమ్మా. మాట్లాడమని మనం చెప్పాలి. మూడో తెరలో కుడి మూల నోటి బొమ్మ ఉంటుంది. దాన్ని తాకారంటే ఇంక తెర మీదున్న ప్రతి అక్షరం చదివి వినిపిస్తుంది."

"అంటే కళ్ళున్నవాళ్ళు చూసి తాకితే, కళ్ళు లేనివాళ్ళకి చెబుతుంది."

"సరిగ్గా పట్టుకున్నారు! అదే దీని విశిష్టత," అని ఆయన చప్పట్లు కొట్టించారు.

పాత యంత్రాలు అక్కడే వెనక్కి తీసుకున్నారు. అప్పగించినట్టు వేలిముద్ర వేసిన కాగితంలోనే కొత్త యంత్రం చూడముచ్చటగా కనిపించినట్టు కూడా రాసి ఉంది.

ఇంటికొచ్చాక పిన్నిగారు మూడు రోజులు దానితో కుస్తీ పట్టారు. తుడిచిన పొయ్యిగట్టులా అంతా ఒకటే నునుపు, వేలికి ఆనవాలంటూ ఏదీ తగలదు. మూడో పాఠం కోసం తాకితే పక్క జిల్లా వాతావరణం చెప్పేది. ఆపుదామని తాకితే అదే వాతావరణం వీధి చివరికి వినిపించేలా చెప్పేది.

"నువ్వు పక్కన కూర్చుని నొక్కచ్చుగా," అన్నారు మావారు పేపరు వెనకనుంచి.

"నొక్కచ్చు. మీరు పొయ్యి దగ్గర నిలబడి పులుసు చూడచ్చు," అన్నాను. ఆ చర్చ అంతటితో ముగిసింది.

నాలుగో రోజు స్నానం చేస్తుంటే నా కళ్ళలో సబ్బు పడింది. తువ్వాలు కోసం గోడంతా తడుముతుంటే చేతికి అద్దం అంచు, దాని మీద వరసగా అంటించి ఉంచిన నా బొట్టుబిళ్ళలు తగిలాయి. వెంటనే ఎక్కడున్నానో తెలిసిపోయింది. అద్దానికి ఎడం పక్క తువ్వాలు. ఇన్నేళ్ళుగా అద్దాన్ని ఖరాబు చేస్తున్నానని మావారు నన్ను అంటున్న మాటలన్నీ ఆ క్షణంలో వడ్డీతో సహా చెల్లిపోయాయి.

సంగతి చెప్పగానే పిన్నిగారు, "నా పెట్టె అడుగున ఒక బొట్టుబిళ్ళల అట్ట ఉంటుంది చూడు. మీ బాబాయిగారు పోయిన నెలలో కొన్నది. అలాగే ఉండిపోయింది. జిగురు ఉందో చచ్చిందో" అన్నారు.

జిగురు బతికే ఉంది. మొదలుపెట్టే చోటికి పైగా పెద్ద గుండ్రటి బొట్టు పెట్టాను. ముందుకి వెళ్ళడానికి పొడుగు తిలకం, వెనక్కి రావడానికి రాయి పొదిగినది, ధ్వనికి ఆవగింజంతది. బొట్టు మీద వేలు పెడితే యంత్రం పలకదు, దాని కిందగా పెట్టాలి. పిన్నిగారు ఒకసారి వేళ్ళతో దాని మొహమంతా నిమిరారు.

"బాగుందే అమ్మాయ్! పేరంటానికి తయారైనట్టుంది."

ఆ సాయంత్రానికి మూడో పాఠం అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే తనిఖీదారు గవరయ్యగారు వచ్చారు. సంతృప్తి సర్వే అట. చేతిలో కాగితం, అందులో మొదటి ప్రశ్న: యంత్రం చూపులకు ఎలా ఉంది? బాగుంది, చాలా బాగుంది, అద్భుతంగా ఉంది. పిన్నిగారు అద్భుతం అన్నారు. ఆయన తల పైకెత్తి యంత్రాన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమ్మగారూ, ఇదేంటండీ? గవర్నమెంటు ఆస్తికి బొట్టెట్టేశారేంటండీ!"

"పెట్టకూడదా గవరయ్యగారూ? దసరాకి మీ జీపుకి పెడతారుగా," అన్నాను.

"అది వేరండీ. జీపుకి సర్క్యులర్ ఉందండి, ఆయ్. దీనికి లేదండి."

ఆయన కూర్చుని రాసుకున్నారు. రాస్తున్నదాన్ని పైకి చదువుకోవడం ఆయనకి అలవాటు. "యంత్రముఖముపై నాలుగు అనధికార అలంకరణలు గమనించడమైనది. యంత్రమును స్వాధీనపరచుకొనడమైనది."

పిన్నిగారి మొహం పాలిపోయింది. "నాయనా, ఇరవై ఒక్క రోజుల్లో నాకు పరీక్ష. ఇంకా ఎనిమిది పాఠాలున్నాయి. అది తీసుకుపోతే నేను చదవడానికి ఇంకోటి లేదు."

"రాసుకున్నానండి. 'లబ్ధిదారు ఆవేదన' అని గడి ఉందండి ఇందులో. అక్కడ రాసుకున్నానండి, ఆయ్."

పట్టుకెళ్ళిపోయారు.

విచారణకి మమ్మల్ని పిలిచేసరికి పదిహేడు రోజులు మిగిలాయి. పరాంకుశరావుగారి బల్ల మీద యంత్రాన్ని ఒక పళ్ళెంలో పెట్టి ఉంచారు, దొంగసొమ్ములాగా.

"దీని నునుపు సాధించడానికి ఎంతమంది ఎన్ని సంవత్సరాలు తపస్సు చేశారో తెలుసా అమ్మా మీకు?" అన్నారాయన బాధగా.

"తెలీదు బాబూ. మీరొక్కసారి కళ్ళు మూసుకుని దాన్ని పలికించండి. చాలు," అన్నారు పిన్నిగారు.

"నేనా?"

"ఒక్కసారి."

ఆయన గవరయ్యగారి వైపు చూసి, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళు చాపారు. వేళ్ళు గుండ్రటి బొట్టుని తాకి, దాని కిందికి జారాయి. "నాలుగో పాఠం. అధికార వికేంద్రీకరణ," అంది యంత్రం. తిలకం తగిలింది. "అయిదో పాఠం. జవాబుదారీతనం." ఆయన గబగబా రాయి ఉన్నదాని దగ్గరికి వెళ్ళి దాన్ని వెనక్కి తిప్పేసి, కళ్ళు తెరిచారు. ఆ కళ్ళల్లో వెలుగు చూసి నాకు ఆశ పుట్టింది. నేను తొందరపడ్డాను.

"గవరయ్యా! ఇది మన జిల్లా ఆవిష్కరణ అని వెంటనే రాజధానికి రాయి. స్పర్శతిలక పథకం!" అన్నారాయన.

"మరి నా యంత్రం?" అన్నారు పిన్నిగారు.

"అమ్మా, అది ఇంక మీదొక్కరిదే కాదు. మూలనమూనా. జాతి సంపద. మార్గదర్శకాలు రాగానే మీకు మొట్టమొదట అందజేస్తాం."

"జాతికి కూడా పదిహేడు రోజుల్లో పరీక్ష ఉందా బాబూ?"

ఆయన చాలా పెద్దగా నవ్వి, మాకు టీ ఇప్పించి పంపించేశారు.

మార్గదర్శకాలు ఎనిమిది రోజులకి వచ్చాయి. నేను చూసిన ప్రభుత్వ కాగితాల్లో అంత శ్రద్ధగా రాసినది ఇంకోటి లేదు. బొట్టుబిళ్ళ వ్యాసం ఎంతుండాలి, మందం ఎంతుండాలి అన్నీ ఉన్నాయి. రంగు విధిగా కుంకుమరంగే ఉండాలి, వేరే రంగైతే లబ్ధిదారులు తికమకపడవచ్చు. అయితే బొట్టు అనేది సంప్రదాయానికి సంబంధించిన వస్తువు కాబట్టి దాన్ని ఇష్టారాజ్యంగా జారీ చెయ్యడానికి వీల్లేదని కమిటీ భావించింది. పెళ్ళయిన లబ్ధిదారుల యంత్రాలకి బొట్టు మంజూరు చేస్తారు. భర్త జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం జతపరచాలి. భర్త ఊళ్ళో లేకపోతే ఆనాటి దినపత్రిక చేత్తో పట్టుకుని తీయించుకున్న ఫోటో సరిపోతుంది. పెళ్ళికాని ఆడపిల్లల యంత్రాలకి చిన్న సైజు. మగవాళ్ళ యంత్రాలకి నిలువుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా అన్నది తేల్చడానికి ఉపసంఘం వేశారు, దాని సభ్యులు ప్రస్తుతం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. బొట్టు పెట్టుకునే ఆచారం లేని మతాలవారికి అదే కొలతల్లో, బొట్టు అని పిలవబడని ఒక గుండ్రని వస్తువు ఇస్తారు.

నేను చదువుతూ చదువుతూ చివరి నిబంధన దగ్గర ఆగాను.

"ఆగావేం? చదువు," అన్నారు పిన్నిగారు.

"భర్త మరణించిన లబ్ధిదారుల విషయం, సంప్రదాయ సున్నితత్వం దృష్ట్యా, పరిశీలనలో ఉన్నది."

బాబాయిగారు పోయినప్పుడు ఈవిడ బొట్టు తియ్యడానికి ఏ కమిటీ కూర్చోలేదు. పరిశీలనా జరగలేదు. నలుగురు పెద్దవాళ్ళు వచ్చి అయిదు నిమిషాల్లో తేల్చేశారు. ఆ మాట నేను పైకి అనలేదు. ఆవిడ మాత్రం చీర సద్దుకుని లేచి, "రిక్షా పిలు" అన్నారు.

పరీక్షకి అప్పటికి తొమ్మిది రోజులుంది.

పరాంకుశరావుగారు మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు. మంచి మర్యాద తెలిసిన మనిషే.

"తప్పుగా అనుకోకండమ్మా. నాకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదు. రేపు ఎవరైనా లేచి, శాఖ సంప్రదాయాన్ని మంటగలిపింది అంటే..."

"బొట్టు నాకా బాబూ, యంత్రానికా?"

"యంత్రానికేనమ్మా."

"యంత్రం నాదా?"

"అబ్బే! శాఖ ఆస్తి. మీకు వాడుకకి ఇచ్చాం, అంతే. మీ వేలిముద్ర కూడా ఉంది."

"అయితే దాన్ని ఏలుకుంటున్నది శాఖ."

"ఆ... ఒక విధంగా అంతే."

"శాఖ ఉందా, పోయిందా?"

ఆయన బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్దారు.

"ఉందమ్మా," అన్నారాయన చివరికి.

"ఉంటే దాని యంత్రానికి బొట్టు లేకుండా ఎందుకు ఉంచారు? అశుభం కాదూ?"

"పాయింటేనండి, ఆయ్," అన్నారు గుమ్మంలో నిలబడ్డ గవరయ్యగారు.

పరాంకుశరావుగారు మార్గదర్శకాలు మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి తిరగేశారు. కాదనడానికి నిబంధన దొరకలేదు. దొరికింది ఒక్కటే. "జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం జతపరచాలమ్మా."

"జతపరచండి. మీరేగా ఇక్కడ శాఖకి పెద్దదిక్కు."

ఆయన కలం తీశారు. కాగితం మీద "శాఖ జీవించి" దాకా రాసి ఆగిపోయారు. కలం మూసేశారు.

"శాఖ బతికుందని చెప్పే అధికారం నాకు లేదమ్మా. అది విధాన నిర్ణయం."

రాజధానికి ఫోను చేశారు. అటువైపు పెద్దాయన గొంతు మాకు కూడా వినిపిస్తూనే ఉంది. నిరుడు దీన్ని ఇంకేదో శాఖలో కలిపేశామనుకున్నానే అన్నాడాయన. కలపలేదని వీరు మనవి చేశారు. అయితే బతికే ఉందనడానికి ఆధారాలు పంపించమన్నాడు. గత మూడు నెలల్లో శాఖలో ఏదైనా కదలిక ఉన్నట్టు చూపించాలట.

పరాంకుశరావుగారు ఫోను పెట్టేసి నెమ్మదిగా గవరయ్యగారి వైపు చూశారు. "కదలిక... మన దగ్గర కదిలేది ఏముందయ్యా?"

"జీపండి."

జీపు తిరిగిన పుస్తకం నకలు పంపించారు. అందులో మా ఇంటికి సర్వేకొచ్చి యంత్రం పట్టుకెళ్ళిన ప్రయాణమొక్కటే పని మీద వెళ్ళినట్టు ఉందట. అదే శాఖని బతికించింది. అయిదో రోజుకి పెద్ద ముద్రతో కాగితం వచ్చింది. "శ్రవణ సౌలభ్య శాఖ ఈ పత్రము జారీ అయిన తేదీ నాటికి జీవించి ఉన్నదని విశ్వసించడమైనది." పరాంకుశరావుగారు దాని కింద సాక్షి సంతకం పెట్టి, ఒక ప్రతి పిన్నిగారికి ఇచ్చారు.

పరీక్ష నాలుగు రోజులుందనగా గవరయ్యగారు యంత్రాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చారు. దానికి శాఖవారి అధికారిక బొట్టు పెట్టి ఉంది. తీర్చిదిద్దినట్టుంది. సరిగ్గా నుదుటి మధ్యన, గాజుకి పైన, ఏ గుర్తూ లేని చోట.

"ఇక్కడ నొక్కితే ఏమవుతుంది గవరయ్యగారూ?" అన్నాను.

"ఏమీ అవదండి. బొట్టు నుదుటనే ఉండాలని రాసుందండి, ఆయ్." ఆయన జేబులోంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టి గొంతు తగ్గించారు. "మీయి నాలుగూ ఇందులో ఉన్నాయండి. స్వాధీనం చేసుకున్నయి తిరిగి ఇచ్చెయ్యాలండి. తరవాత మీరేం చేసుకుంటారో నేను చూడనండి."

ఈసారి జిగురు నిజంగానే చచ్చింది. తుమ్మబంక పూసి అంటించాను. పిన్నిగారు నాలుగు రోజులు ఇల్లు కదలలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా ఒక వేలు తిలకం కింద ఉంచేవారు. ఎనిమిది పాఠాల్లో ఏడు అయ్యాయి. 'ప్రభుత్వ నిర్ణయాలు - వివిధ దశలు' అన్న పదకొండో పాఠం మొదలుపెట్టేసరికి రిక్షా వచ్చేసింది.

పదిహేను మార్కుల ప్రశ్న దాంట్లోంచే వచ్చింది. 'ప్రభుత్వ శాఖలో ఒక నిర్ణయం ఏయే దశల గుండా సాగునో సోదాహరణముగా వివరింపుము.' పిన్నిగారు చెబుతుంటే రాయడానికి ఒక కాలేజీ అమ్మాయిని కూర్చోబెట్టారు. గుమ్మం బయట నిలబడ్డ నాకు పిన్నిగారి గొంతు గడగడా వినిపిస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"అమ్మమ్మగారూ, ఇదంతా పుస్తకంలో ఉందాండీ? నిజంగా రాసెయ్యమంటారా?"

"రాయమ్మా. నేను కాపీ కొట్టడం లేదు, పడ్డది చెబుతున్నాను."

ఆ పేపర్లో డెబ్బై నాలుగు వచ్చాయి. పిన్నిగారు బి.ఏ. అయ్యారు. ఆ వారంలోనే ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టారు. అదీ పాలనాశాస్త్రమే. రుచి మరిగారు. ముప్పై రెండు పాఠాలు.

పాఠాల కోసం శాఖకి రాస్తే జవాబుగా అభినందనలు వచ్చాయి. స్పర్శతిలక పథకం సాధించిన తొలి పట్టభద్రురాలు అని మెచ్చుకున్నారు. రెండో పేరాలో, పథకం పట్టభద్రులయ్యే వరకే కనుక, యంత్రాన్ని ఏడు రోజుల్లోగా, దానిపై గల బొట్లు సమస్తమూ తొలగించి, పూర్వపు నునుపుతో అప్పగించాలని రాశారు.

పిన్నిగారు ఆ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. తరవాత, "కాగితం తీసుకో" అన్నారు. ఆవిడ చెప్పిందే రాశాను, ఒక్క మాట నాది లేదు.

"అయ్యా, తమ లేఖ అందింది. యంత్రం అప్పగించడానికి నాకు అభ్యంతరం లేదు. కాని బొట్టు తీసి ఇమ్మన్నారు. శాఖ జీవించి ఉన్నదని తమ సంతకంతో ఉన్న పత్రం నా దగ్గర భద్రంగా ఉంది. శాఖ బతికుండగా దాని యంత్రం నుదుట బొట్టు చెరపడానికి నాకు చేతులు రావడం లేదు. శాఖ పోయిన వెంటనే కబురు చేయగలరు. పదో రోజున నేనే వచ్చి తీస్తాను. ఆ పని ఎలా చేస్తారో నాకు తెలుసును. అందాకా ఎం.ఏ. పాఠాలు ఇందులోనే వేయించ ప్రార్థన."

ఉత్తరానికి జవాబు రాలేదు, పాఠాలు వచ్చాయి. పిన్నిగారు ఇప్పుడు పంతొమ్మిదో పాఠంలో ఉన్నారు.

గవరయ్యగారు మాత్రం నెలకోసారి జీపులో వస్తారు. లోపలికి రారు. గుమ్మంలోంచే మెడ చాచి యంత్రం నుదురు చూసి, "ఉందండి, ఆయ్" అని పైకి చదువుకుంటూ రాసుకుని వెళ్ళిపోతారు. శాఖ ఇంకా ఉందని రాజధానికి పంపించడానికి వాళ్ళ దగ్గర ప్రస్తుతం అదొక్కటే ఆధారమట.